వేడెక్కితే గాని పట్టవు

పోయినవారం మనం వడివును కౌంటరు దగ్గర వదిలేసి వచ్చాం. చేతిలో అరిగిన బ్రేకు ప్యాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపం ఈ వారమంతా ఆమె అలాగే నిలబడి ఉందనుకోకండి. మనకు వారమైంది గానీ ఆమెకు నిమిషం కూడా కాలేదు.

దారిలో ఎక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు. కోయంబత్తూరు సింగానల్లూరులో చెన్నిమలై షెడ్డు తెలియని కారు పిచ్చివాడు మా కొంగు సీమలో లేడు. చెన్నిమలై కొండ పరుగుల్లో, అంటే కొండ దారి కారు పందేల్లో, పేరు మోసిన డ్రైవరు. అతని ఎర్ర రెండు సీట్ల కారు వంపు తిరుగుతుంటే తేయాకు తోటల్లో ఆకు కోసేవాళ్లు బుట్టలు దించి చూసేవాళ్లు. ఆ కారులో ఇరవై ఏళ్లు పక్క సీట్లో కూచుని, ముందు రాబోయే వంపు ఏదో, ఎంత పదునైనదో చెప్పింది అతని భార్య వడివు. పూర్తి పేరు వడివుక్కరసి. మూడు నెలల క్రితం ఆ సీట్లోకి తేన్మొళి అనే పాతికేళ్ల పిల్ల వచ్చి కూచుంది. "నీ నడుం నొప్పికి ఈ కుదుపులు మంచివి కావు" అన్నాడు మొగుడు. నడుం నొప్పి తగ్గి ఏడాది దాటిందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

అప్పటినుంచి వడివు విడిభాగాల కౌంటరు చూసుకుంటోంది. చూసుకుంటోంది అనే కంటే ఆ కౌంటరు వెనక నుంచి లోకాన్ని తగలబెడుతోంది అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ఆమె చేతిలోని ప్యాడు సంగతి. అరిగిన ప్యాడును ఒకసారి తిరగేసి, దాన్ని తొక్కిన కాలు ఎలాంటిదో చెప్పడం వడివుకు వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి ఒక మిల్లు యజమానికి "మీ అబ్బాయి బ్రేకు మీద కాలు పెట్టి నిద్రపోతాడండీ" అని మొహం మీదే చెప్పింది. ఆయన అలిగి వెళ్లిపోయి, వారం తిరక్కుండా కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

చెన్నిమలై తొక్కిన ప్యాడునైతే ఆమె కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పగలదు. అంచులు కాలి, పైన బీటలు వారి, ఒక మూల పెచ్చు ఊడి ఉంటుంది. వంపు మీద మీదకు వచ్చేదాకా బ్రేకు జోలికి పోడు. వచ్చాక ఒక్క తొక్కు. పక్కనున్నవాళ్ల పేగులు నోట్లోకి రావాలి. ఇరవై ఏళ్లు ఆమె "కొంచెం ముందే తొక్కండి మామా, మీకు దణ్ణం పెడతా" అని అరుస్తూనే ఉంది. ఆయన వింటూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ కాలు మాత్రం మారలేదు.

ఎర్ర కారునుంచి ఇవాళ విప్పిన ఈ ప్యాడు నున్నగా ఉంది. కొత్త పలక మాదిరి సాపుగా, ఎక్కడా మాడిన మచ్చ లేకుండా, ఇంకా బోలెడు మందంతో ఉంది. ముందుగా, నెమ్మదిగా, పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడకూడదన్న శ్రద్ధతో తొక్కిన కాలు.

నా అరుపులకు కదలని కాలు ఆ పిల్ల కోసం మెత్తబడిందన్నమాట, అనుకుంది వడివు. కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టయింది.

"ఏం వడివమ్మా, ప్యాడులో జాతకం ఏమంటోంది?" అన్నాడు మయిల్‌సామి. షెడ్డు పుట్టినప్పటినుంచీ ఉన్న పెద్ద మెకానిక్కు. అందాకా ఎర్ర కారు చక్రాలు విప్పి, బ్రేకు డిస్కులు గరుకు కాగితంతో రుద్ది, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మీ చెన్నిమలై బుద్ధిమంతుడైపోయాడంటోంది మయిలన్నా."

"మంచిదే కదమ్మా. ప్యాడ్లు మిగులుతాయి."

"మిగిలినవి తీసుకెళ్లి మెళ్లో దండ గుచ్చుకో."

మయిల్‌సామి నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. చంకలో ఉన్న చిన్న దిండు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది సీట్ల మధ్య ఇరుక్కుని ఉంది. నీదేనా?"

ఆకుపచ్చ పూలు కుట్టిన దిండు. వడివు ఇంట్లో అలాంటిది లేదు. రెండు వేళ్లతో దిండు మూల పట్టుకుని ఎత్తి చూసింది. రెండే రెండు సీట్లున్న కారులో దిండెందుకు? ఎవరు ఎవరి మీదకు ఒరిగి నిద్రపోవడానికి? ఆ ఆలోచన ఎక్కడెక్కడికి పోయిందో నేను రాయను. అసూయ పడ్డ మనిషి బుర్రకు పగ్గాలుండవు, మీకు తెలియంది కాదు.

పొద్దున్న ఫోను అప్పటికే గుండెల్లో ముల్లులా దిగి ఉంది. "ఆదివారం కొండ పరుగుకి కొత్త ప్యాడ్లు కావాలి. తేన్మొళి వచ్చి చూసుకుంటుంది. తను ఏవి చెప్తే అవి వేయించు" అన్నాడు చెన్నిమలై. "ఎప్పుడూ ఏరేది నేను కదా?" అని వడివు అనేలోపే పెట్టేశాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎర్ర కారుకు ప్యాడ్లు ఏరేది వడివు. బిగించాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మొగుడూ పెళ్లాలిద్దరే సూలూరు వైపు ఖాళీ రోడ్డుకు వెళ్లి ప్యాడ్లు పట్టించుకుని రావాలి. కొత్త ప్యాడు డిస్కుతో కలిసిపోయేదాకా బ్రేకు బ్రేకు కాదు. వేగం అందుకోవాలి, గట్టిగా తొక్కాలి, పూర్తిగా ఆగకముందే వదిలెయ్యాలి, మళ్లీ అందుకోవాలి. కాలిన వాసన వచ్చేదాకా అంతే. వేడి మీద ఆపేశారో, అక్కడే మచ్చ పడి ఇక జన్మంతా పెడలు వణుకుతుంది. అందుకని పక్కన కూచున్నవాళ్లు రోడ్డూ స్పీడు ముల్లూ చూస్తూ "పట్టు", "వదులు" అని చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ వెళ్లిన మొదటి షికారు అదే. సినిమాకు తీసుకెళ్తాడని తలనిండా మల్లెపూలు పెట్టుకుని బయల్దేరింది వడివు. తీరా చూస్తే ఈ పని. "పట్టు అనూ, వదులు అనూ అమ్మిణీ. ఇవాళ్టినుంచి నా కాలు నీ నోటిమాట మీదే ఆడుతుంది" అన్నాడు. మా వైపు ఆడపిల్లలను పెద్దవాళ్లు అమ్మిణీ అని ముద్దుగా పిలవడం మామూలే. కానీ ఆ రోజు ఆ పిలుపు వడివు ఒక్కదాని కోసమే పుట్టినట్టు వినిపించింది. మల్లెలూ మాడు వాసనా కలిసిన ఆ గాలి ఇప్పటికీ ఆమె ముక్కున ఉంది. అమ్మిణీ అని పిలవడం మాత్రం ఆయన ఎప్పుడు మానేశాడో గుర్తులేదు.

బయట స్కూటరు ఆగింది. తేన్మొళి వచ్చింది.

చెడ్డ పిల్లలా ఉండదు, అదే వడివుకు పెద్ద ఇబ్బంది. ఎండకు కమిలిన ముఖం, నూనె రాసి బిగించిన జడ, రావడం రావడం "భోంచేశావా అక్కా?" అని పలకరింపు.

"చేశాను. అరిసిపరుప్పన్నం. బియ్యం, పప్పు కలిపి వండాను. నెయ్యి కూడా వేసుకున్నాను. కావాలంటే గిన్నె చూపిస్తా."

తేన్మొళి కౌంటరుకు దగ్గరగా జరిగింది. "అన్న చెప్పారా అక్కా, ప్యాడ్ల గురించి?"

అన్నంట అన్న, అనుకుంది వడివు. పేరులోని తేనె ఆ మాటలోనూ కారుతున్నట్టే వినిపించింది ఆమెకు. "చెప్పారు. మహారాణి వేంచేసి ఏరుకుంటారని చెప్పారు. ఏరుకో."

మూడు డబ్బాలు తీసి టపటపా బల్ల మీద పెట్టింది. నీలం డబ్బాలోవి రోడ్డు మీద తిరిగేవాళ్లకు. తొక్కగానే పట్టుకుంటాయి, కానీ బాగా వేడెక్కితే చేతులెత్తేస్తాయి. నల్ల డబ్బాలోవి పందేలకు. వేడెక్కితే గాని పట్టవు, పట్టాయంటే ఇక వాటికి తిరుగు లేదు. ఆకుపచ్చ డబ్బాలోవి రెంటికీ సర్దుకుపోయే రకం.

తేన్మొళి ఆకుపచ్చ డబ్బా మీద చెయ్యి వేసింది. "ఇవి చాలక్కా."

"చాలా? ఎవరికి చాలు?"

"ఎక్కేటప్పుడు బ్రేకు అంతగా వేడెక్కదు కదక్కా, ఎక్కుడు దారే సగం ఆపేస్తుంది. పైన మంచులో అందరి వంతూ అయ్యేదాకా కారు నిలబెట్టాలి. మళ్లీ దిగాలి. నల్లవైతే అప్పటికి చల్లబడిపోయి ఉంటాయి. దిగేటప్పుడు మొదటి వంపులోనే పట్టకపోతే..."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. వడివుకు ఒళ్లు మండింది అందుకే. ఇంకో డ్రైవరు ఎవరొచ్చినా తనూ ఇదే చెప్పి ఆకుపచ్చ డబ్బా చేతిలో పెట్టి పంపేది. కానీ చెన్నిమలై కాలికి ఆకుపచ్చవి ఏనాడూ నిలవలేదు. ఎక్కుడు దారిలోనే ఆ తొక్కుడుకు మాడిపోయేవి. అందుకని ఇరవై ఏళ్లుగా ఆ కారుకు నల్లవే ఏరింది. ఆ కాలి తాకిడికి అవి క్షణంలో వేడెక్కేవి, దిగేటప్పుడు కూడా.

ఇప్పుడు చేతిలో ఉన్న పలకలాంటి ప్యాడు మాత్రం ఆకుపచ్చవే అడుగుతోంది. ఇంత మెత్తని కాలి కింద నల్లవి ఎన్నటికీ వేడెక్కవు. ఆ సంగతి వడివుకు తెలుసు. తెలిసీ ఆకుపచ్చ డబ్బా ఇచ్చిందంటే, నా మొగుడు నీ కోసం మారిపోయాడే అని తన నోటితో తను ఒప్పుకున్నట్టే. నల్లది ఇస్తే ఆయన ఇంకా తను ఎరిగిన చెన్నిమలైయే. ఇది బ్రేకుల లెక్క కాదు, కడుపుమంట లెక్క.

నల్ల డబ్బా ముందుకు తోసింది. "ఆయన కాలికి ఇవే."

"వద్దక్కా. నిజంగా చెప్తున్నా. అన్న ఇప్పుడు..." తేన్మొళి ఆగిపోయింది.

"అన్న ఇప్పుడు? చెప్పు. ఆగావేం?"

"ఏం లేదక్కా."

"నా మొగుడి గురించి నాకు తెలీనిది నీకేం తెలుసే?"

పిల్ల తల దించుకుంది. ఆ దించుకోవడంలో వడివుకు కావలసిన సాక్ష్యమంతా దొరికిపోయింది. మనిషి మండిపోతున్నప్పుడు ఎదుటివాళ్ల మౌనం కూడా కిరసనాయిలే.

"మయిలన్నా! ఇవి బిగించు."

మయిల్‌సామి డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "వడివమ్మా, ఆ పిల్ల చెప్పేదాంట్లో కూడా..."

"ఈ షెడ్డులో ప్యాడ్లు ఏరేది ఎవరు?"

"నువ్వే తల్లీ."

"అయితే బిగించు."

అతను బిగించాడు. పెడలు నాలుగుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూశాడు. చక్రాలు ఎక్కించాడు. అంతసేపూ తేన్మొళి గుమ్మం అవతల ఫోను పట్టుకుని లోగొంతులో ఏదో మాట్లాడుతూనే ఉంది. నా మీద చాడీలు చెప్తోంది, అనుకుంది వడివు. చెప్పనీ. వచ్చి అడగనీ. అడిగితే మూడు నెలల లెక్కా ఇవాళే తేల్చేస్తాను.

కాసేపటికి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి చెన్నిమలై దిగాడు. ఇంకొకరు నడిపే బండి ఎక్కితే కడుపులో తిప్పుతుందని చెప్పుకునే మనిషి ఆటోలో వచ్చాడు! అప్పుడే అనుమానించాల్సింది. ఆటో ఊచ పట్టుకుని, నేల వైపు చూసుకుంటూ, కుడికాలు ఆచితూచి కింద పెట్టాడు. మయిల్‌సామి అది చూశాడు. వడివు చూడలేదు. ఆమె చూస్తున్నది ఒక్కటే, ఆయన కళ్లు ముందు ఎవరి మీద పడతాయా అని.

"ఏం అమ్మిణీ, అయిందా?" అన్నాడు చెన్నిమలై.

వడివు గుండె ఒక్కసారి ఎగిసింది. ఎన్నాళ్లయింది ఆ పిలుపు విని! "అయిందండీ" అనబోయి పెదవి కదిపింది కూడా.

"నల్లవి వేశారన్నా" అంది తేన్మొళి.

ఆ పిలుపు తేన్మొళికి. వడివు పెదవి కరుచుకుంది. ఆ క్షణంలో ఆమెకు ఏడుపు రాలేదు, కొట్టాలనిపించింది. ఎవరినో మాత్రం తెలియలేదు.

చెన్నిమలై భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఏరావా?"

"నేను కాక ఇంకెవరు ఏరుతారు?"

ఆయన చూపు చక్రాల మీదకు పోయింది. మీసం ఒకసారి దువ్వుకుని "సరే, నువ్వు ఏరితే అదే సరి. పట్టించుకుని వస్తాం" అన్నాడు.

"నేనూ వస్తాను."

"రెండే సీట్లు వడివూ."

"తెలుసు. అందుకే వస్తానంటున్నా."

"ఇవాళొద్దు. నీకు చెప్తున్నా కదా, వద్దు!" ఆయన గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువుంది. కంగారు పడే మనిషి ఏదో దాస్తున్నాడనే కదా అర్థం, అనుకుంది వడివు. అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆయన దాస్తున్నది ఏమిటన్నదాంట్లోనే తప్పు.

మయిల్‌సామి చక్రాల కింద నిమ్మకాయలు సర్దాడు. తేన్మొళి తటపటాయిస్తూ కౌంటరు దగ్గరకు వచ్చింది. "అక్కా, ఆ దిండు నాదే. ఇక్కడుందా? ఎక్కడో పారేశాననుకున్నా."

వడివు దిండు అందివ్వలేదు, విసిరింది. పిల్ల అది పట్టుకుని కారు వైపు నడిచింది. కుడివైపు తలుపు తీసింది. స్టీరింగు ముందు కూచుని, దిండు వీపు వెనక పెట్టుకుని, ముందుకు జరిగి, కాళ్లు పెడళ్లకు అందుతున్నాయో లేదో చూసుకుంది. చెన్నిమలై కారు ముందునుంచి తిరిగి, మడ్డుగార్డు మీద చెయ్యి ఆన్చుకుంటూ ఎడమవైపుకు వెళ్లి కూచున్నాడు.

అంటే ఆ పలకలాంటి ప్యాడును అరగదీసింది చెన్నిమలై కాలు కాదు, తేన్మొళి కాలు. దిండు ఒరగడానికి కాదు, పెడలు అందడానికి. వడివుకు సగం సంగతి ఒక్క చూపులో అర్థమైంది. అర్థమైతే చల్లబడాలి కదా? అగ్గి మీద గుగ్గిలం పడింది. పక్క సీటు ఇచ్చాడంటేనే మూడు నెలలుగా నిద్ర లేదు. ఏకంగా స్టీరింగే ఇచ్చాడా! ఒకనాడు ఆయన ఇంజను ఆపకుండా దిగిపోతే, కారు గేటు లోపలికి పెట్టబోయింది వడివు. "చెయ్యి తియ్యి, అది ఆడవాళ్ల బండి కాదు" అన్నాడు ఈ మహానుభావుడు.

వెళ్లి కారుకు అడ్డంగా నిలబడింది.

"దిగు."

"అక్కా..." తేన్మొళి తలుపు తియ్యబోయింది.

"నిన్ను కాదు. ముందు ఆయన్ని దిగమను. దిగి నా కళ్లలోకి చూసి చెప్పమను. ఇది ఆడవాళ్ల బండి ఎప్పుడైందో చెప్పమను!"

"వడివూ, మయిలు చూస్తున్నాడు" అన్నాడు చెన్నిమలై.

"చూడనీ. సింగానల్లూరంతా వచ్చి చూడనీ. టిక్కెట్టు పెట్టి చూపిస్తా."

ఆయన దిగలేదు. అద్దం దించి, కింద నిమ్మకాయ వైపు చూస్తూ అన్నాడు.

"నా కాలు పోయింది వడివూ."

"ఏంటి?"

"కుడికాలు. ఉండటం ఉంది. కానీ దాని ఉనికి నాకు తెలీడం లేదు. షుగరు వల్లే అన్నాడు డాక్టరు. బ్రేకు మీద ఉందో, పక్కన ఉందో, వంగి చూస్తే గాని తెలీదు. వానాకాలంలో పైన ఒక వంపులో బ్రేకనుకుని యాక్సిలేటరు తొక్కాను. ఈ పిల్ల ఆ రోజు హ్యాండ్‌బ్రేకు లాగింది. లేకపోతే నీకు ఈ గొడవే ఉండేది కాదు."

చెన్నిమలై రెండు చేతులతో ఆ కాలిని ఎత్తి సర్దుకున్నాడు.

"ఆదివారం కూడా తనే నడుపుతుంది. పేరు మాత్రం నాది, హెల్మెట్టులో ముఖం ఎవరు చూస్తారు. షెడ్డుకొచ్చేవాళ్లు నా పేరు చూసే కదా వస్తారు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నా. ఇన్నాళ్లూ వీధి మలుపు దాకా నేనే తోలి అక్కడ మారేవాళ్లం, ఇవాళ పట్టని ప్యాడ్లతో ఆ ధైర్యం చాల్లేదు. ఆ పిల్లను ఏమీ అనకు."

వడివు కారు ముక్కు మీద రెండు చేతులూ ఆన్చింది. ఆయన వేరే ఆడదానితో తిరుగుతున్నాడని అనుకున్నప్పుడు కూడా ఇంత మండలేదు. నొప్పి వచ్చింది మొగుడికి. భయం వేసింది మొగుడికి. మూడు నెలలు ఆ నొప్పీ ఆ భయమూ ఈ పిల్లకు తెలుసు. ఒకే కంచంలో తిని, ఒకే గదిలో పడుకునే తనకు తెలియదు. ఆయన రాత్రిళ్లు కాలు పట్టుకుని కూచుంటే దోమలు కుడుతున్నాయనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు మామా?" అంది వడివు.

"నువ్వు జాలిపడతావని."

"పడితే?"

"ఇరవై ఏళ్లు నన్ను చూసి భయపడ్డావు, తిట్టావు, దణ్ణాలు పెట్టావు. జాలి ఒక్కసారి కూడా పడలేదు. అది నేను చూడలేను వడివూ."

"మీ అమ్మిణి దగ్గర చూడగలిగారు కదా!"

తేన్మొళి కళ్లు తుడుచుకుంటూ దిగింది. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆకుపచ్చవి మార్పించి..."

"తప్పుకో."

వడివు వెళ్లి స్టీరింగు ముందు కూచుంది. వీపు వెనక దిండు తగిలితే లాగి కిటికీలోంచి పారేసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు చెన్నిమలై.

"ప్యాడ్లు పట్టించడానికి వెళ్తున్నాం. మనింటి ఆనవాయితీ. మొగుడూ పెళ్లాలిద్దరే."

"నువ్వు తోలేది కొట్టు వ్యాను. ఈ కారు అలవాటు లేదు నీకు!"

"అలవాటు చేశారా మీరు?"

మయిల్‌సామి పరిగెత్తుకొచ్చాడు. "వడివమ్మా, అవి నల్లవి! చల్లగా ఉన్నాయి, మొదట్లో నెమ్మదిగా..." మిగతా మాట ఇంజను హోరులో కలిసిపోయింది. నిమ్మకాయలు చితికాయి. ఎర్ర కారు గేటు దాటి రోడ్డెక్కింది.

సూలూరు వైపు తిరగాల్సిన చోట ఆమె తిరగలేదు. కోపంలో చెయ్యి ఎటు తిప్పితే అటు పోనిచ్చింది. ఇరుగూరు పల్లపు దారి పట్టింది. వ్యానుకు అలవాటుపడ్డ కాలు యాక్సిలేటరును అదిమితే, ఆ కారు ఒక్క ఊపులో ముందుకు దూకింది. చెన్నిమలై తలుపు పిడి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు తను పట్టుకున్న పిడి అది. పట్టుకోనీ, తెలుస్తుంది, అనుకుంది వడివు.

"నెమ్మది" అన్నాడాయన.

"ఆహా! ఆ మాట మీకూ వచ్చా?"

"వడివూ, కొంచెం ముందే తొక్కు. నీకు దణ్ణం పెడతా."

ఆమె నవ్వింది. నవ్వుతోంటేనే కళ్లు నిండి రోడ్డు మసకబారింది. "డాక్టరు దగ్గరికి కూడా ఆ పిల్లే తీసుకెళ్లిందా? మందులు కూడా ఆ పిల్లే కొనిందా? కాలికి నూనె కూడా..."

"వడివూ, గేటు!"

పల్లం చివర రైలు గేటు పడుతోంది. గంట మోగుతోంది. గేటు ముందు టౌను బస్సు ఆగి ఉంది, వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. ఇంకా దూరం ఉంది, భయం లేదు. వడివు బ్రేకు తొక్కింది.

కాలి కింద పెడలు రాయిలా గట్టిగా ఉంది. కారు మాత్రం తన దారిన తను పోతోంది.

మళ్లీ తొక్కింది. ఏదో గీరుకున్న చప్పుడు. వేగం కొంచెం తగ్గినట్టే తగ్గి, పల్లం మళ్లీ లాక్కుంది. కొత్త ప్యాడ్లతో మొదటి మైలు చచ్చు నడక నడవాలని కౌంటరు ముందు నిలబడ్డ ప్రతివాడికీ చెప్పేది తనే. నల్లవి వేడెక్కితే గాని పట్టవని చెప్పేదీ తనే. ఆ పిల్ల వద్దు వద్దంటుంటే ఏరి మరీ బిగించిందీ తనే.

చెన్నిమలై హ్యాండ్‌బ్రేకు అందుకుని లాగాడు. వెనక చక్రాలు కీచుమన్నాయి, కారు తోక పక్కకు జారింది. ఆయన కుడికాలు, ఏమీ తెలియని ఆ కాలు, పెడలే లేని చోట నేలను అదిమి తొక్కుతోంది.

"పట్టు!" అని అరిచాడాయన. "వదలకు అమ్మిణీ! పట్టు, పట్టు!"

ఎన్నేళ్లనుంచో ఎదురుచూసిన పిలుపు. తల తిప్పి ఆయన ముఖం చూడాలనిపించింది, చూడలేదు. రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి, స్టీరింగు పట్టుకుని దాదాపు లేచి నిలబడింది. సన్నగా మాడు వాసన మొదలైంది.

బస్సు వెనక సీట్లో ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూచున్న ముసలామె, ఆ కీచు చప్పుడుకు తల తిప్పి ఇటు చూసింది.